సమాధానకర్త – బిషప్ అజరయ్యగారు

మహాపురుషుల చరిత్రలను విద్యార్థులకు చెప్పునప్పుడు యుద్ధములు గెలిచినవారిని, రాజ్యములు స్థాపించినవారిని గూర్చి చెప్పుట లోకాచారము. మేమీ సంచికకు అట్టివారి నెన్నుకొనలేదు. కత్తి పట్టక, ఎవరిని బలవంతపెట్టక, విడిపోయిన మనుష్యులను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టుటకై ముప్పదియైదు సంవత్సరములు మన తెలుగుదేశమున పాటుపడిన యొకరి జీవితమును వ్రాయ నెంచితిమి. ఆయనయే డోర్నకల్ బిషప్పుగా ప్రసిద్ధి గాంచిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు.

మన కర్దనూర్ చుట్టుపట్ల చూచిన యెడల ఈ చరిత్ర మనకెందుకు వలసినదో తెలియగలదు. సేద్యమే ఆధారముగానుండిన ఈ పటాన్‌చెరువు, సంగారెడ్డి ప్రాంతమునకు కర్మాగారములు వచ్చిన తరువాత, అనేక జిల్లాలనుండియు ఇతర రాష్ట్రములనుండియు జనులు పనికై వచ్చి నిలిచిపోయిరి. ఒక్క వీధిలోనే నాలుగు భాషలు వినవచ్చును. పగలంతయు ఒక యంత్రము ప్రక్కన పనిచేయువారు సాయంకాలము ఇల్లు చేరగనే వేరువేరు లోకములవా రగుదురు. సమాధానమును గూర్చి సభలు జరుపుట మంచిదే. గాని సభ ముగిసిన మరునాడు ఏమి చేయవలెననునదే కష్టమైన ప్రశ్న. అజరయ్యగారి జీవితము ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరమని మేము నమ్ముచున్నాము.

బాల్యము, విద్య

అజరయ్యగారు 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన తమిళదేశమందలి తిరునల్వేలి సీమలో వెళ్ళాళన్‌విళై యను గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ గ్రామ సంఘమునకు గురువు. తల్లి ఎల్లెన్‌గారు. చిరకాలము ప్రార్థించి పొందిన కుమారుడగుటచేత ఆ తలిదండ్రులు బిడ్డకు సమూయేలు ప్రవక్త పేరు పెట్టిరి. వారు నాడారు కులస్థులు. తాటిచెట్లెక్కి జీవించుచు, అగ్రకులములవారిచేత చులకనగా చూడబడుచుండిన ఆ కులమువారి బాధలను బాలుడు చిన్ననాటనుండియు ఎరిగియుండెను. మనుష్యులను కులముచేత తూచు తూనిక యెంత అన్యాయమైనదో ఆయనకు పుస్తకములు నేర్పవలసిన పనిలేకపోయెను.

1889లో తండ్రి మరణించెను. తల్లి భక్తిశిక్షలలో పెంచి కుమారుని చదివించెను. తిరునల్వేలిలో విద్య ముగించుకొని ఆయన చెన్నపట్టణమందలి క్రైస్తవ కళాశాలలో చేరిరి. గాని పట్టపు పరీక్షను పూర్తిచేయకయే కళాశాలను విడిచిరి. మన విద్యార్థులు దీనిని సాకుగా తీసికొనరాదు. పట్టము లేకున్నను ఆయన జీవితాంతము విద్యార్థిగానే యుండిరి. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నొసగెను.

1895లో ఆయన యౌవనుల క్రైస్తవ సంఘమునకు, అనగా వై.యం.సి.ఏ.కు, కార్యదర్శియై దక్షిణదేశమంతట తిరుగ మొదలుపెట్టిరి. అక్కడనే అమెరికా దేశస్థుడగు షెర్‌వుడ్ ఎడ్డీగారితో స్నేహము కుదిరెను. తెల్లవారికిని నల్లవారికిని నడుమ యజమాని సేవకుల సంబంధమే సాధారణమైన ఆ దినములలో, ఈ యిద్దరును సమానులైన మిత్రులుగా కలిసి పనిచేసిరి. ఈ స్నేహమే తరువాత ఆయన చేసిన పనికి బీజమని చెప్పవచ్చును. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారితో వివాహము జరిగెను. దక్షిణ భారతమున కళాశాల విద్య నభ్యసించిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె యొకరు. కట్నము లేక, అప్పు లేక, ఆడంబరము లేక ఆ పెండ్లి జరిగెను.

స్వదేశ సేవ

1902లో ఆయన సింహళద్వీపమందలి యాళ్పాణమునకు వెళ్లిరి. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో సువార్తికులను పంపుచుండుట చూచి ఆయన ఆలోచనలో పడిరి. తిరునల్వేలి సంఘములు వారికంటె పెద్దవి, పురాతనమైనవి. అయినను పొరుగువారికి తామేమి పంపుచున్నామని ఆయన తన్ను తాను ప్రశ్నించుకొనిరి. మరుసటి సంవత్సరము, అనగా 1903 ఫిబ్రవరి 12న, తిరునల్వేలి ఇండియా మిషనెరీ సంఘము స్థాపింపబడెను. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపురములో జాతీయ మిషనెరీ సంఘము పుట్టెను. రెండింటియందును అజరయ్యగారు ముఖ్యులు. భారతీయుల ధనముతో, భారతీయుల చేత, భారతదేశములో సేవ జరుగవలెనని వారి యాశయము.

తిరునల్వేలి సంఘము నైజాముగారి రాజ్యమందలి డోర్నకల్ ప్రాంతమును తన పొలముగా నెన్నుకొనెను. ఇతరులను పంపుచు తాను మాత్రము పట్టణమున నుండుట అజరయ్యగారికి నచ్చలేదు. 1909లో, తన ముప్పదియైదవ యేట, గురువుగా అభిషేకము పొంది కుటుంబముతో డోర్నకల్ వచ్చిరి. ఆ వయస్సున అక్షరములనుండి మొదలుపెట్టి తెలుగు నేర్చుకొనిరి. ఒక తమిళుడు తెలుగువారి మధ్య పరదేశియే. మాట తడబడినప్పుడు నవ్వులపాలగుట యెట్లుండునో తెలిసినవాడే పరుల మనస్సు నెరుగగలడని మాకు తోచుచున్నది.

ఎడింబరో మహాసభ

1910 జూన్ నెలలో స్కాట్లాండు దేశమందలి ఎడింబరో నగరమున ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. సుమారు 1,200 మంది ప్రతినిధులు కూడిరి. వారిలో ఆసియా దేశములవారు ఇరువదిమందియైనను లేరు. అట్టి సభలో, విదేశ మిషనెరీలకును స్వదేశ సేవకులకును గల సంబంధమును గూర్చి మాటలాడుమని అజరయ్యగారిని కోరిరి.

మర్యాదకొరకు నాలుగు పొగడ్తలు పలికి కూర్చుండుట సులభము. తనను పిలిచినవారు, తన దేశమున ఆసుపత్రులను బడులను కట్టించినవారు, తన పనికి తోడ్పడుచున్నవారు ఎదుట నుండిరి. అజరయ్యగారు వారి త్యాగమునకు మనస్ఫూర్తిగా కృతజ్ఞత తెలిపిరి. అటుపిమ్మట, సేవ సమృద్ధిగా నున్నను స్నేహము కొరవడినదని చెప్పిరి. ఏండ్ల తరబడి కలిసి పనిచేసినవారు సైతము ఒకరి యింట నొకరు భోజనము చేయకుండుట నెత్తిచూపిరి. భారతీయ సంఘము మిత్రులకొరకు ఎదురుచూచుచున్నదని ముగించిరి. సభలో కలవరము పుట్టెను. కొందరు కోపించిరి. చెన్నపట్టణపు బిషప్ వైట్‌హెడ్‌గారివంటివారు ఆయన పక్షమున నిలిచిరి.

ఇక్కడ విద్యార్థులు గమనింపవలసిన దొకటి కలదు. సమాధానమనగా నిజమును దాచి పైకి నవ్వుచుండుట కాదు. అజరయ్యగారు గాయమును దాచలేదు. దానిని వీపు వెనుక గాక ముఖాముఖిగా చెప్పిరి. చెప్పిన పిమ్మట అలిగి విడిపోలేదు. అదే మిషనెరీలతో కలిసి మరునాడు పనిలో ప్రవేశించిరి. నిజమును పలుకుట, పలికిన తరువాత స్నేహమును విడువకుండుట – ఈ రెండును కలిసినప్పుడే సమాధానము.

డోర్నకల్ బిషప్పు

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్సు దేవాలయమున అజరయ్యగారు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన తొలి భారతీయు డాయనయే. భారతీయుని క్రింద ఆంగ్లేయులు పనిచేయుట యెట్లని సందేహించినవారు లేకపోలేదు. ఆయన వాదములాడలేదు. పనిచేసి చూపిరి. కొన్ని సంవత్సరములలోనే కృష్ణా మండలమందలి సంఘములు సైతము ఆయన పాలనక్రిందికి వచ్చెను. ఆంగ్లేయ గురువులును ఆయన నాయకత్వమున పనిచేసిరి.

డోర్నకల్ అధ్యక్ష మండలములోని క్రైస్తవులలో అధికసంఖ్యాకులు మాలలు, మాదిగలు. ఊరివారు ఉభయులను అంటరానివారని వెలిగా నుంచిరి. అంతటితో పోక, ఆ యుభయులలోను ఒకరి నొకరు అంటకుండు ఆచారము బలముగా నుండెను. పైవాడు తన్ను త్రోసివేసిన బాధ తెలిసియు క్రిందివానిని తాను త్రోసివేయుట మనుష్య స్వభావమునకు గల వింతయైన వ్యాధి. కొన్ని చోట్ల మిషనులు ఈ కులములలో నొక్కదాని మధ్యనే పనిచేయుటచేత గోడ ఇంకను ఎత్తాయెను.

ఈ గోడను పడగొట్టుటకు బిషప్పుగారు పట్టుదలతో పూనుకొనిరి. బడిలో పిల్లలను వేరుగా కూర్చుండబెట్టుటకు ఒప్పుకొనలేదు. వసతిగృహమున వంట ఒక్కటే, పంక్తి ఒక్కటే. సంస్కారమునందు పాత్ర ఒక్కటే. ఇరు పల్లెలకును ఆయన ఎడ్లబండిపై వెళ్లి, ఇరువురి యిండ్లయందును భోజనము చేయుచుండిరి. ఈ పని ఒక్క దినమున జరుగలేదు. సంపూర్ణముగా జరిగినదనియు చెప్పజాలము. ఆయన జీవితాంతమున సైతము ఆ భేదము కొన్ని సంఘములలో మిగిలియే యుండెను. అయినను ఒక తరము పిల్లలు ఒకే పంక్తిని భోజనముచేసి పెరిగిరి. అది చిన్న సంగతి కాదు.

పేదలను భిక్షకులుగా ఉంచినంతకాలము వారికి ఎవరితోను సమానత్వము రాదని బిషప్పుగారు గ్రహించిరి. అందుచేత పిడికెడు బియ్యపు ఏర్పాటును అలవాటు చేసిరి. ప్రతి యింటి యిల్లాలును వంటకు బియ్యము తీయునప్పుడు ఒక పిడికెడు ప్రత్యేకముగా నొక కుండలో వేసి, ఆదివారమున దేవాలయమునకు తెచ్చును. కూలిచేసి జీవించువారు సైతము ఈ విధముగా తమ గురువులను, ఉపాధ్యాయులను తామే పోషించుకొన నేర్చిరి. పుచ్చుకొను చేయి ఇచ్చు చేయి యైనప్పుడు తల యెత్తుకొని నిలువగలదు. అపరిశుభ్రత, రోగము, ఋణము, మద్యము అను నాలుగు శత్రువులపై ఆయన పోరాటము సాగించిరి. మరియమ్మాళ్‌గారు స్త్రీలమధ్య ఈ పనికి ప్రాణమైయుండిరి. ఆయన పాలనాకాలమున మండలమందలి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలకు మించెను.

డోర్నకల్ దేవాలయమును చూచినవారికి ఆయన మనస్సు తెలియును. గుళ్లలోనివంటి స్తంభములు, మసీదులవంటి గుమ్మటములు, మినారులు అందున్నవి. 1939 జనవరి 6న అది ప్రతిష్ఠింపబడెను. ఈ నేలలో పుట్టిన శిల్పము ఏదియు పరాయిది కాదని ఆ కట్టడము చెప్పకయే చెప్పుచున్నది.

రాజకీయములందును ఆయన మార్గ మదియే. 1932లో ప్రభుత్వము మతముల వారీగా ప్రత్యేక నియోజకవర్గములను ప్రకటించినప్పుడు, క్రైస్తవులకు అట్టివి వలదని ఆయన వాదించిరి. అది తమవారికి లాభమని పలువురు తలచిరి. గాని లాభముకొరకు గోడ కట్టుకొనువాడు పొరుగువానిని పోగొట్టుకొనునని ఆయన తలంపు. మతాంతరమును గూర్చి మహాత్మా గాంధీగారితో ఆయనకు తీవ్రమైన అభిప్రాయభేదము కలిగెను. దళితులు తమ విశ్వాసమును తామే యెన్నుకొను స్వేచ్ఛ గలవారని ఆయన పట్టుపట్టిరి. ఈ విషయమున ఆయన వెనుదీయలేదు.

తరంగంబాడి సమావేశము

ఇక ఈ చరిత్రకెల్ల ముఖ్యమైన ఘట్టమునకు వచ్చుచున్నాము. కులముచేత విడిపోయిన క్రైస్తవులు మిషనుల చేతను విడిపోయియుండిరి. మిషనులు తమలో తాము పోటీ లేకుండుటకై ప్రాంతములను పంచుకొన్నవి. అందుచేత మెదకువాడు వెస్లియను, నల్లగొండవాడు బాప్టిస్టు, డోర్నకల్‌వాడు ఆంగ్లికను, మహబూబ్‌నగరమువాడు మెన్నోనైటు, గుంటూరువాడు లూథరను, కడపవాడు లండను మిషనువాడు ఆయెను. ఈ భేదములకు మూలమైన తగవులు ఇంగ్లండులోను ఐరోపాలోను ఎన్నడో జరిగినవి. మన గ్రామస్థులకు వాటి కారణములు సైతము తెలియవు. అయినను ఒక సంఘమువాడు పనికై వేరొక జిల్లాకు పోయిన యెడల అక్కడి సంస్కారమునకు పరాయివా డగుచుండెను.

1919 మే నెల 1, 2 తేదీలలో తరంగంబాడిలో ఒక చిన్న సమావేశము జరిగెను. 1706లో జీగన్‌బాల్గు మొదలగు తొలి ప్రొటెస్టంటు మిషనెరీలు ఓడ దిగిన రేవు అదియే. 33 మంది గురువులు కూడిరి. ఇద్దరు తప్ప అందరును భారతీయులు. ఆ యిద్దరిలో నొకరు పూర్వ మిత్రులగు ఎడ్డీగారు. అజరయ్యగారు అధ్యక్షులు. మహాయుద్ధము అప్పుడే ముగిసియుండెను. మూడు వారములకు ముందే, ఏప్రిల్ 13న, అమృతసరస్సున జలియన్‌వాలా బాగులో నిరాయుధులైన ప్రజలపై కాల్పులు జరిగెను. లోకమంతయు పగతో మండుచుండగా, సమాధానము బోధించు సంఘము తానే ముక్కలైయుండుట ఎట్లని వారు తమ్ము తాము ప్రశ్నించుకొనిరి. ఈ విభేదములు తాము కల్పించుకొన్నవి కావనియు, వాటిని మోయుచుండుట తమకు సమ్మతము గాదనియు తెలుపు ప్రకటనపై సంతకములు చేసిరి.

అది ఆరంభము మాత్రమే. మరుసటి సంవత్సరమునుండి ఆంగ్లికనులును, ప్రెస్బిటేరియను కాంగ్రిగేషనలు సంఘములు 1908లో కలిసి యేర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘమువారును చర్చలకు కూర్చుండిరి. 1925లో వెస్లియను మెథడిస్టులు చేరిరి. మన మెదకు సంఘములు వీరిలోనివే. చిక్కంతయు బిషప్పుల విషయమున వచ్చెను. బిషప్పు చేతులుంచి అభిషేకించినవాడే నిజమైన గురువని ఆంగ్లికనులు తలచిరి. అట్లయినచో ఇన్నాళ్లు సేవచేసిన తమ గురువులు గురువులు కారా యని ఇతరులు అడిగిరి. తిరిగి అభిషేకము పొందుమని చెప్పుట వారిని అవమానించుటయే. బిషప్పులను మానివేయుట ఆంగ్లికనుల మనస్సాక్షిని గాయపరచుటయే.

చాలకాలమునకు దొరికిన మార్గమిది: కలియునాటికి గురువులైయున్న వారందరును గురువులుగానే అంగీకరింపబడుదురు. ఎవరి పూర్వసేవయు వ్యర్థమని చెప్పరాదు. ఐక్య సంఘమునకు బిషప్పు లుందురు. గాని వారు దొరలవలె గాక నిబంధనలకు లోబడి పనిచేయవలెను. ఇకమీదట క్రొత్త గురువులను బిషప్పులే అభిషేకింతురు. ఏ సంఘముపైనను దాని మనస్సాక్షికి విరోధమైన గురువును బలవంతముగా నియమింపరాదు. ముప్పది సంవత్సరముల కాలములో రెండు విధముల గురువులు పక్కపక్కన పనిచేయుచు ఒక్కటిగా పెరుగవలెను. ఇందులో ఎవరును ఓడలేదు. ప్రతివారును ఎంతో కొంత విడిచిరి.

ఈ యేర్పాటుకు ఇంగ్లండులో ఆంగ్లికనులలోనే గట్టి యెదిరింపు కలిగెను. ఇక్కడ కొందరు ఆలస్యమునకు విసుగు చెందిరి. అజరయ్యగారు ఇరువురికిని ఓర్పుతో నచ్చచెప్పుచుండిరి. 1927లో లౌజాను సభయందును, 1930లో లాంబెత్ సభయందును, పాశ్చాత్య దేశములలో ఐక్యత కోరదగినదే యైనను, భారతదేశమున అది సంఘమునకు ప్రాణసమస్య యని తెలిపిరి.

1938 డిసెంబరులో చెన్నపట్టణము చెంత తాంబరమున ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. అజరయ్యగారు అప్పుడు భారత జాతీయ క్రైస్తవ సమాలోచన సభకు అధ్యక్షులు. అరువదికి మించిన దేశములనుండి ప్రతినిధులు వచ్చిరి. చైనా జపానులు ఘోరయుద్ధమున నుండగా, ఆ రెండు దేశములవారును అక్కడ కలిసి ప్రార్థించిరి. ఇరువదియెనిమిదేండ్లకు ముందు ఎడింబరోలో ఆసియావారు పట్టుమని ఇరువదిమంది లేరు. తాంబరములో వారే ఇంటివారై అందరికిని ఆతిథ్య మిచ్చిరి.

అంత్యకాలము

1945 జనవరి 1న డోర్నకల్‌లో అజరయ్యగారు ప్రభువునందు నిద్రించిరి. వారి వయస్సు డెబ్బది సంవత్సరములు. తాను నాటిన వృక్షము ఫలించుట ఆయన చూడలేదు. 1947 సెప్టెంబరు 27న చెన్నపట్టణపు సెయింట్ జార్జి దేవాలయమున దక్షిణ ఇండియా సంఘము ప్రారంభింపబడెను. బిషప్పులు గల సంఘమును లేని సంఘములును కలియుట ఐరోపా మతసంస్కరణ తరువాత అదియే మొదటిసారి. పదునాలుగు అధ్యక్ష మండలములు ఏర్పడెను. మన మెదకు అందులో నొకటి. కరవు దినములలో జనులకు పనియు అన్నమును కల్పించుచు పోస్నెట్‌గారు కట్టించి 1924 క్రిస్మసు దినమున ప్రతిష్ఠింపజేసిన మెదకు దేవాలయము, ఆ మండలమునకు ప్రధాన దేవాలయమాయెను.

అది ఎట్టి సమయమో జ్ఞాపకముంచుకొనవలెను. దేశము రెండై ఆరు వారములే గడచెను. పంజాబున రక్తము ప్రవహించుచుండెను. హైదరాబాదు రాజ్యము ఇంకను భారతదేశమున కలియలేదు. దేశము విడిపోవుచున్న దినములలో ఒక చిన్న సమూహము కలియ నేర్చెను. బాప్టిస్టులు, లూథరనులు వెలుపలనే యుండిరి. కులభేదములు పోలేదు. ఆ తరువాత వ్యాజ్యములును పుట్టినవి. అయినను ఒకప్పుడు వేరైన సంఘములలోని పిల్లలు ఒకే సంస్కారమున పాలుపంచుకొనుచున్నారు.

మనకు పాఠము

విద్యార్థులారా! సమాధానపరచువారు ధన్యులని ప్రభువు బోధించెను. సమాధానమును కోరువారు చాలమంది. దానిని చేయువారు కొందరే. చేయుటకు అజరయ్యగారు వాడిన సాధనములు నాలుగు: ముఖాముఖి చెప్పిన నిజము, ఒక్క పంక్తి భోజనము, పేదవాని చేత నుంచిన పిడికెడు బియ్యము, సుమారు ఇరువదియైదు సంవత్సరముల చర్చను సహించిన ఓర్పు. వీటిలో ధనముతో కొనవలసిన దొక్కటియు లేదు.

తలిదండ్రులకు మేము మనవి చేయునది ఒక్కటే. మీ బిడ్డ పొరుగు కులమువానిని, పొరుగు భాషవానిని ఇంటికి తెచ్చినప్పుడు ముఖము చిట్లింపకుడు. వానికి మీ పీటనే వేసి, మీ పళ్లెరములోని అన్నమునే వడ్డింపుడు. మన పాఠశాలలో ఒకే బెంచీపైన కూర్చుండు ఒరియా బాలుడును, బిహారీ బాలుడును, మెదకు బాలుడును ఇండ్లకు పోయిన తరువాత సైతము మిత్రులైయున్న యెడల, తరంగంబాడిలో మొదలైన పని కర్దనూర్‌లోను సాగుచున్నదని మేము సంతోషింతుము.